పడమర వైపు ఉచితం

యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లకి సిటీ బస్సుల్లో టికెట్ అక్కర్లేదని ప్రభుత్వం ప్రకటించినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది కండక్టరమ్మ. ఆవిడది జాలిగుండె. రోడ్డు పక్కన కుక్క కుంటుతూ కనిపించినా బస్సు ఆపించేది. అయితే ఆవిడకి ఇంకో గుణం కూడా ఉంది. పైనుంచి వచ్చిన మాటని పొల్లు పోకుండా పాటించేది. ఉత్తర్వులో ‘యుద్ధానికి దూరంగా వెళ్తున్నవారికి ప్రయాణం ఉచితం’ అని ఉంది. యుద్ధం తూర్పున జరుగుతోంది. కాబట్టి పడమర వెళ్లే బస్సులో వాళ్లకి ఉచితం. తూర్పుకి వెళ్లే బస్సులో మాత్రం టికెట్ కొనాల్సిందే.

వాళ్లకి బస ఇచ్చిన పాత వ్యాయామశాల ఊరికి తూర్పు కొసన ఉంది.

ఆ వ్యాయామశాలలో, బాస్కెట్‌బాల్ బుట్ట కింద రెండు మంచాలు ఒక అత్తాకోడళ్లవి. అత్తగారు వాళ్ల ఊళ్లో బేకరీ నడిపిన మనిషి. బయల్దేరిన హడావుడిలో ఆవిడ కట్టుడుపళ్లు కిటికీ దగ్గర గ్లాసులోనే ఉండిపోయాయి. కొడుకూ అక్కడే ఉండిపోయాడు. ‘మీరు పదండి, వెనకాలే వస్తా’ అన్నవాడి దగ్గర్నుంచి మళ్లీ కబురు లేదు. అత్తగారు కొడుకు ఊసెత్తేది కాదు. పొద్దస్తమానం పళ్ల గురించే మాట్లాడేది.

కోడలికి పడమటి కొసన ఉన్న ఆసుపత్రి లాండ్రీలో పని దొరికింది. పొద్దున్నే కండక్టరమ్మ ఆమెని చెయ్యి పట్టుకుని బస్సెక్కించేది. “దూరంగా వెళ్లు తల్లీ, ఇంకా దూరంగా వెళ్లు” అంటూ కిటికీ పక్క సీటు చూపించేది. సాయంత్రం అదే మనిషి తిరుగు బస్సు మెట్టు మీద అడ్డంగా నిలబడేది. “మళ్లీ అటేనా? నీకేమైనా పిచ్చా? అక్కడ బాంబులు పడుతున్నాయమ్మా!” కోడలి దగ్గర టికెట్‌కి డబ్బుల్లేవు. ఈ దేశపు పద్ధతి ఇదే కాబోలు అనుకుని, దుప్పట్లు ఇస్త్రీ చేసిన చేతులు ఊపుకుంటూ నడిచి వచ్చేది. అత్తగారికి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఆసుపత్రి పళ్ల డాక్టరు కొలతలు తీసుకోవడానికి రమ్మన్న రోజున అత్తగారికి ఆ సంగతి తెలిసింది. పొద్దున ఇద్దరూ మహారాణుల్లా వెళ్లారు. కోడలి డ్యూటీ అయ్యాక ఆసుపత్రి ముందు ఆఖరి స్టాపులో ఆగి ఉన్న బస్సు దగ్గరికి వచ్చారు. అది ఇంకా తిరగలేదు. మొహం పడమరకే ఉంది.

“పెద్దమ్మా, ఇది ఇప్పుడు తూర్పుకెళ్తుంది” అంది కండక్టరమ్మ కంగారుగా. “మీరెక్కకూడదు.”

“ఇంటికెళ్లాలండీ” అంది కోడలు.

“ఎలా పంపమంటావు చెప్పు? యుద్ధం వైపు వెళ్లేవాళ్లకి సర్కారు సాయం చేస్తే, చేతులారా తోసినట్టు కాదూ? ఆ పాపం నాకొద్దు తల్లీ.”

అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని ఓ పెద్ద తిట్టు తిట్టింది. పళ్లు లేకపోవడంతో అది దీవెనలా వినిపించింది. కండక్టరమ్మ కళ్లు తుడుచుకుని దణ్ణం పెట్టింది.

“ఏమన్నారు?” అడిగింది కోడల్ని.

“నువ్వు చల్లగా ఉండాలంటున్నారు” అంది కోడలు తలొంచుకుని.

అత్తగారు ఇంకో మాట లేకుండా బస్సెక్కి, డ్రైవరు వెనక ఉండే ఎదురు సీటు వెతుక్కుని కూర్చుంది. బస్సు ఎటు పోతే అటు వీపు పెట్టి కూర్చునే సీటు అది. బస్సు తిరిగి తూర్పుకి పోతే ఆవిడ మొహం పడమరకే ఉంటుంది, వీపు యుద్ధానికి ఉంటుంది. ఇంక ఏం కావాలట?

కండక్టరమ్మ నిజంగానే ఆలోచనలో పడింది. “మీ మొహం ఎటుంటే ఏం లాభం పెద్దమ్మా? నేను బస్సు మొహం చూడాలి కదా.”

“అయితే బస్సు మొహమే పడమరకి ఉంచితే సరి” అన్నాడు వెనక సీట్లోంచి మంగలి. షాపు మూసేసి ఇంటికి పోయే తొందరలో ఉన్నాడు. “బోర్డు మార్చొద్దు, బండి తిప్పొద్దు. రివర్సులో పోనివ్వండి. కాగితం ప్రకారం ఇది పడమర బస్సే.”

అందరూ డ్రైవరు వైపు చూశారు. అతను ఉన్న బస్సుల్లోకెల్లా పాత బస్సుతో ఏళ్లుగా వేగుతున్న మనిషి. “గేరు ఏదైతే నాకేంటి?” అన్నాడు. “మెడ పట్టేస్తే మాత్రం మీదే బాధ్యత.”

అత్తగారు మెట్టు దిగే రకం కాదని కండక్టరమ్మకి అప్పటికే అర్థమైంది. విజిల్ ఊదింది. యుద్ధానికే వీపు ఉండేలా అత్తగారు లేచి మామూలు సీట్లోకి మారింది. బస్సు కీచు కీచుమంటూ వెనక్కి కదిలింది. మంగలి వెనక అద్దం దగ్గర నిలబడి ‘రైట్, రైట్, హోల్డాన్’ అంటూ దారి చెప్పాడు. కూడలిలో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తాడు.

“ఏంటయ్యా, వెనక్కెళ్తున్నావు?”

“వెనక్కెక్కడ సార్? బోర్డు చూడండి, పడమరకే” అన్నాడు డ్రైవరు. “కాకపోతే ఇంకా చేరలేదు.”

పోలీసు బోర్డు చదివాడు. అందులో తప్పేమీ కనిపించలేదు. చెయ్యి దించేశాడు.

వ్యాయామశాల దగ్గర దిగుతుంటే కోడలికి ఎన్నాళ్ల నుంచో రాని నవ్వొచ్చింది. ఆపుకోలేక రెయిలింగ్ పట్టుకుని కూలబడింది. అత్తగారు ఆమె వీపు మీద ఒక్కటిచ్చింది. “ఇన్నాళ్లూ నడిచి వచ్చావా, దద్దమ్మా?” అంది. ఆ మాట మాత్రం స్పష్టంగానే వినిపించింది.

మర్నాటి నుంచి అదే మామూలైపోయింది. సాయంత్రం పూట లాండ్రీ వాళ్లూ, మార్కెట్‌లో మూటలు మోసేవాళ్లూ, పళ్ల కోసం ఆసుపత్రి చుట్టూ తిరిగే అత్తగారూ, వ్యాయామశాల జనమంతా రివర్సు బస్సు కోసం కాచుకునేవాళ్లు. ఊరివాళ్లు కూడా పిల్లల్ని తెచ్చి ఎక్కించేవాళ్లు. డ్రైవరు మెడ ఒక పక్కకి తిరిగి అలాగే ఉండిపోతే, మంగలి రోజూ నూనె రాసి మర్దన చేసేవాడు. కండక్టరమ్మకి మనసు తేలికపడింది. ఒక్క ప్రాణినీ ఆవిడ యుద్ధం వైపు పంపడం లేదు. అందరూ పడమరకే పోతున్నారు, కాకపోతే ఇంకా చేరలేదు.

చివరికి ఆఫీసులో ఎవరో ఆ ఉత్తర్వు మళ్లీ చదివారు. ‘వెళ్తున్నవారికి’ అన్నది ‘వచ్చినవారికి’ అని ఉండాల్సిందట. టైపు చేసేటప్పుడు జరిగిన పొరపాటు. సవరణ వచ్చింది. ఇకమీదట ఎటు వెళ్లినా ఉచితం.

ఆ సాయంత్రం బస్సు ఆఖరి స్టాపులో అన్ని బస్సుల్లాగే చుట్టు తిరిగి, ముందుకే బయల్దేరింది. జనం కొంచెం చిన్నబుచ్చుకున్నారు. అత్తగారు రోజూ కూర్చునే సీటు వదిలేసి డ్రైవరు పక్కన, పెద్ద అద్దం ముందు కూర్చుంది. ఇంతకాలం వీపు పెట్టి వచ్చిన దారి ఆవిడ మొహానికి ఎదురుగా పరుచుకుంది. షాపులు, కర్రల అడితి, ఆ తర్వాత పొలాలు, వాటి మీదుగా తూర్పుకి పోయే రోడ్డు. దారంతా ఆవిడ కళ్లు ఆ రోడ్డు మీదే ఉన్నాయి. కోడలు రెండుసార్లు తొంగి చూసింది.

వ్యాయామశాల దగ్గర అందరూ దిగిపోయారు. అత్తగారు దిగలేదు.

“ఇక్కడితో ఆఖరు పెద్దమ్మా” అంది కండక్టరమ్మ.

“దీని తర్వాత ఏ స్టాపు?”

“తర్వాత లేదు. రోడ్డుంది గానీ బస్సు పోదు.”

“ఎటు వెళ్లినా ఉచితమేగా?”

“ఉచితమే” అంది కండక్టరమ్మ.

డ్రైవరు ఇంజను ఆపబోయి ఆగాడు. మెడ ఇంకా పూర్తిగా తిరగకపోవడంతో అద్దంలోంచే అత్తగారి వైపు చూశాడు. కోడలు మళ్లీ బస్సెక్కి వచ్చి సీటు అంచున కూర్చుంది. బూడిదరంగు రోడ్డు వైపు ఇద్దరూ కాసేపు చూశారు.

“వాడికి తిండి ఎవరు పెడుతున్నారో” అంది అత్తగారు. కొడుకు మాట ఆవిడ నోట వినడం కోడలికి ఇక్కడికొచ్చాక అదే మొదలు.

“వండుకోవడం వచ్చు అత్తయ్యా. మాడుస్తాడు, అయినా తినేస్తాడు.”

“మాడుస్తాడు” అంది అత్తగారు. కోడలి భుజం పట్టుకుని లేచింది. కండక్టరమ్మ ముందు దిగి, కింద నుంచి చెయ్యందించింది. ముగ్గురూ కలిసి వ్యాయామశాల దాకా నడిచారు.