హరిచంద్ అడిగిన నకలు

హరిచంద్ ఎల్లారెడ్డి దిక్కు తండాల్లో పోడు భూముల కోసం మైకు పట్టి తిరిగే మనిషి. ముసలివాళ్లు హద్దురాళ్లు చూపిస్తూ చెప్పేదంతా వీడియో తీస్తున్నాడు. పట్టా విచారణకు అవి సాక్ష్యం. కామారెడ్డిలో తన కిరాయి ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్ చేసి, వాటన్నిటినీ అందులో దాచాలని పట్టుబట్టాడు. డిస్కులు రెండు కొని, రిపేరు దుకాణం సంతోష్ ముందర పెట్టాడు.

"రెండిటిని కలిపి ఒక్కటి చేస్తే జాగ మస్తుంటదన్నా. కని ఒక్కటి ఖరాబైనా మొత్తం పోతది," అన్నాడు సంతోష్. "మిర్రర్ చేస్తే రెండిట్ల ఒక్కటే ఉంటది, జాగ సగమే. ఒకటి ఖరాబైనా రెండోది నడుస్తది."

"అంటే నకలు."

"గట్లనే అనుకో." సంతోష్ స్క్రూలు బిగిస్తూ తల ఎత్తలేదు.

"నకలు లేకనే మా తండోళ్లు ఆఫీసుల సుట్టు తిరిగి ముసలోళ్లయిండ్రు. నాకు నకలే కావాలె."

"జర మెల్లగన్నా. ఇది దుకాణం, ధర్నా కాదు."

ఆ ఎండాకాలం హరిచంద్ తీసిన వీడియోల్లో తండా ముసలాయన లచ్చిరాందే ముఖ్యమైనది. తాత కాలం నుంచి దున్నిన చెలకను రాయిరాయీ చూపించాడు. వానలు మొదలయ్యాక జ్వరమొచ్చి పోయాడు. ఇక విచారణకు నిలబడాల్సింది భార్య దుర్గి.

దసరా నాటికి సర్వర్ నిండిపోయింది. కొత్త వీడియోలకు జాగ కావాలి. హరిచంద్ పాతవి తుడిచెయ్యడానికి కూర్చున్నాడు.

"లచ్చిరాం కాకది గూడ తీసేస్తున్నవా?" అంది భార్య ప్రమీల.

"తీసేది అసలు. నకలు రెండో డిస్కుల భద్రంగ ఉంటది. పనిబడ్డప్పుడు బయటికి తీస్తం."

ఆఫీసుల్లో నకళ్ల కోసం కొట్లాడీ కొట్లాడీ ఆ మాట అతని బుర్రలో అలాగే నాటుకుపోయింది. అసలుకు ఏమైనా నకలు నకలే. కెమెరా కార్డు ఏనాడో ఖాళీ చేశాడు.

విచారణ దగ్గరపడింది. దుర్గి బస్సెక్కి వచ్చింది. ఆమెను వెంటబెట్టుకుని, కంప్యూటర్ డబ్బాను చంకన పెట్టుకుని హరిచంద్ దుకాణానికి పోయాడు.

"రెండో డిస్కుల నకలు తియ్యి, సంతోషూ."

అసలు తుడిచేశాడని విని సంతోష్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "అన్నా, నువ్వు మీసం తీస్తే అద్దంల మీసం ఉంటదా? ఒక్కదాంట్ల తుడిస్తే రెండోదాంట్ల గూడ పోతది. డిస్కు ఖరాబైతే కాపాడతది గని, నీ చెయ్యి నుంచి కాపాడది."

"నకలన్నవ్ గదా?"

"నకలన్నది నువ్వు. నేను గట్లనే అనుకో అన్న."

గడప మీద కూర్చున్న దుర్గి అడిగింది. "ఉన్నడా, లేడా? గది చెప్పుండ్రి."

తుడిచినవాటిని వెతికి తీసే సాఫ్ట్‌వేర్ పెట్టి సంతోష్ ఆ పొద్దంతా కూర్చున్నాడు. బొమ్మ దొరికింది. గొంతు దొరకలేదు. తెర మీద లచ్చిరాం కట్టె పట్టుకుని నడుస్తున్నాడు, రాయి తన్ని చూపిస్తున్నాడు, పెదవులు ఆడుతున్నాయి. చప్పుడు లేదు. హరిచంద్‌కు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

దుర్గి తెర దగ్గరికి జరిగింది. "గీ వాగు కాడికెంచి మాది అంటున్నడు," అంది.

ఎల్లారెడ్డిలో విచారణ నాడు హరిచంద్ ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డాడు, అంతే. మాట్లాడింది దుర్గి. లచ్చిరాం చెయ్యి ఎటు చూపితే అటు హద్దు చెప్పింది.

"ముసలాయన మాట వినొస్తలేదు గదమ్మా," అన్నాడు అధికారి.

"నాకు వినొస్తున్నది సారు. రాసుకోండ్రి."

రాసుకున్నాడు. చెలక చూడటానికి వస్తామన్నాడు. పట్టా ఇస్తామని అనలేదు.

మర్నాడు హరిచంద్ సంతోష్‌తో మిర్రర్ తీసేయించాడు. ఒక డిస్కు కామారెడ్డి సర్వర్‌లో ఉంటుంది. రెండోది తండాలో దుర్గి ట్రంకుపెట్టెలో ఉంటుంది. తండాకు పోయినప్పుడల్లా కొత్తవి అందులోకి ఎక్కించి వస్తాడు.

"ఇగో, ఇది నకలు," అన్నాడు సంతోష్.

తండాలో దుర్గి డిస్కును పాత చీర ముక్కలో చుట్టి, పెట్టెకు తాళం వేసింది. తాళంచెవి హరిచంద్‌కు ఇవ్వలేదు.

"ఎక్కిచ్చేటప్పుడు నీ ఇష్టం," అంది. "తుడిసేటప్పుడు నన్నడుగు."