పిలకలు తీసిన అరటి

సమాధానం అనే అతను బిట్రగుంట రైల్వే కాలనీలో తోటమాలి. 1961లో బదిలీ మీద వెళ్లిపోతూ ఒక ఇంజనీరు గారి భార్య అతనికి కుండీలో ఉన్న అరటిమొక్క ఇచ్చింది. పూలకోసం పెంచే అరటి అది. గులాబిరంగు పువ్వు కిందికి వేలాడకుండా నిటారుగా నిలబడుతుంది. కాయలు బొటనవేలంత, నిండా గింజలే.

"తినేదానికి పనికిరానిది ఎందుకయ్యా?" అన్నది అతని భార్య ఆనందకుమారి.

అన్నదే గానీ మరునాటి నుంచి దాన్ని వదల్లేదు. పెరట్లో నాటించి, సముద్రపు గాలికి ఆకులు చీలిపోతుంటే తాటాకుల దడి కట్టించింది. ఇసుకనేలలో పేడ కలిపింది. బియ్యం కడిగిన నీళ్లన్నీ దానికే. మరుసటి ఎండాకాలానికి చెట్టు మొదలు చుట్టూ నాలుగు పిలకలు లేచాయి. పిల్లలు లేని మనిషి, రోజూ వాటిని తాకి చూసుకునేది. పక్కింటి రెబెక్కమ్మకు ఒకటి ఇస్తానని మాట కూడా ఇచ్చింది.

ఆ ఎండల్లోనే ఆమెకు ఆయాసం పట్టుకుంది. నెల్లూరులో డాక్టరు సమాధానాన్ని పక్కకు పిలిచి, గుండె పాడైందనీ, అక్టోబరు వానలదాకా ఉంటే గొప్పనీ చెప్పాడు. ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు.

చెట్టు ఇంకా పూయలేదు. పిలకలు తీసేస్తే తల్లిచెట్టుకు బలం చేరి తొందరగా పూస్తుందని అతని నమ్మకం. ఆమె నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం నాలుగింటినీ గునపంతో తీసేశాడు. ఇంకా సరిగా వేరు పట్టనివి, వేరేచోట నాటినా బతకవు.

సాయంత్రం ఆమె గోడ పట్టుకుని వచ్చి చూసింది.

"నాలుగూ తీసినావా?"

"పువ్వు తొందరగా వస్తుంది, ఆనందా."

"నాకేం తొందర లేదే."

కారణం చెప్పాలంటే డాక్టరు మాట చెప్పాలి. అతను వంగి, పిలకలు తీసిన గుంటలు పూడ్చసాగాడు. ఆమె లోపలికి పోయింది. ఆ తర్వాత అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు.

సెప్టెంబరు చివర చెట్టు నడిమి మొవ్వులోంచి మొగ్గ లేచి విచ్చుకుంది. అతను ఆమె మంచాన్ని కిటికీ పక్కకు జరిపాడు.

"బాగుంది," అన్నది. అతనివైపు తిరిగి, "డాక్టరు ఎన్నాళ్లన్నాడు?" అని అడిగింది.

"వానలదాకా."

"ఆ రోజే చెప్పుంటే నేనే తీయమనేదాన్ని గదా. ఊరికే మూడు నెలలు నీ మీద కోపం పెట్టుకున్నాను."

పదకొండు రోజులకు ఆమె పోయింది.

సమాధి చేసి వచ్చాక రెబెక్కమ్మ అన్నం తెచ్చింది. "తిను అన్నా. వదినకు నీ మీద కోపం లేదు. నాతో చెప్పింది."

"మూడు నెలలు, రెబెక్కమ్మా. నాతో మాట్లాడాల్సిన మూడు నెలలు," అన్నాడు సమాధానం.

అన్నం అట్లాగే ఉండిపోయింది. నెల తర్వాత పనిలోకి పోయాడు. ఇంట్లో మాత్రం ఖాళీ మంచం పక్కన కూర్చుని, ఆమె వింటున్నట్టే మాట్లాడుతూ ఉండేవాడు.