మామా పాత ఇంట్లో నా ముగ్గు

ఇన్నేళ్ళు కువైట్‌లో గోడలు కడిగిన దాన్ని, సెలవు రోజున మట్టిగోడలు చూడ్డానికి పోతానని ఎప్పుడూ అనుకోలేదు.

"ఈ నెలాఖరుకు ఖలాస్, ఇంటికి పోతాండావు. మీ మామా వాళ్ళ పాత ఇల్లు జనానికి చూపిస్తాండారంట. రా చిన్నమ్మా," అని శుక్రవారం పొద్దున మా అక్క కూతురు మునిలక్ష్మి మంగఫ్ నుంచి టాక్సీలో వచ్చి కూర్చుంది.

"నేను రాను పో," అన్నాను. అని, కొత్త చీర కట్టుకున్నాను.

ఇరాక్ సైన్యం వచ్చిన ఏడు ఆ ఇంట్లో ఒక గోడ వెనక, మామా అని నేను పిలిచే మా యజమానురాలి కొడుకు యూసుఫ్‌ను వదిలి వచ్చాను. వాడు బతికాడో లేదో నాకు తెలీదు. మూడేళ్ళ తర్వాత వేరే కఫీల్ దగ్గర పనికి కువైట్ తిరిగొచ్చి మిష్రిఫ్‌లో మామావాళ్ళు ఉండే ఇంటికి వెళ్తే, అక్కడ వేరే ఎవరో ఉన్నారు. ఆమె పోయిందన్నారు. కొడుకు గురించి అడగబోయి నోరు మూసుకున్నాను. అడగకపోతే బతికే ఉంటాడు కదా అని నా పిరికి లెక్క.

పాత ఇంటి తలుపు దాటగానే మట్టివాసన కొట్టింది. అచ్చం మా రాయచోటి పక్క మిద్దెల వాసన. మధ్యలో అదే లోగిలి, అదే బావి, కప్పుకు ఓడల్లో తెచ్చిన అవే కర్రలు. మామా అక్కడే చాపేసుకుని నా చేత కాళ్ళు పట్టించుకునేది. నవ్వితే పొట్ట ఊగేది. ఏడుపొచ్చింది నాకు.

ఆ ఏడు మిష్రిఫ్ ఇళ్ళలో సైనికులు దిగితే మామా, యూసుఫ్, నేను ముగ్గురం ఇక్కడికి వచ్చి దాక్కున్నాం. యూసుఫ్‌కు ఇరవై ఏళ్ళు, కొత్తగా కువైట్ పటాలంలో చేరాడు. అలాంటివాళ్ళను ఇల్లిల్లూ వెతికి పట్టుకుపోతున్నారు. కొట్టుగదికి మా మిద్దెలకున్నట్టే కప్పులో వెలుతురు కోసం గవాచి కంత ఉంది. అందులోంచి అన్నం, నీళ్ళు దించొచ్చు. వాణ్ణి లోపలికి పంపి, తలుపు పీకేసి, ఇటుకలు పేర్చి, గడ్డి కలిపిన మన్ను తొక్కి మెత్తాను. ఏటా మా అమ్మతో మిద్దె మెత్తిన చేతులు ఇవి. సెప్టెంబరు ఎండకు మధ్యాహ్నానికల్లా అది పక్క గోడలో కలిసిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అలికి ముగ్గు వేయకుండా వదిలితే చావింటి మాదిరి ఉంటుంది మాకు. లోపల పిల్లోడున్నాడు. నా చెయ్యి ఊరుకోలేదు. మిగిలిన తెల్లసున్నం కలిపి, గోడ కింది మెట్టు మీద ఎనిమిది రేకుల పద్మం వేశాను.

"బుద్ధుందా? వాకిలి లేనిచోట ముగ్గెందుకు?" అని మామా అప్పుడు అరవలేదు. ఆమెకేం తెలుసు! నాకే తట్టింది, ఆలస్యంగా. చెరిపేద్దామని చూస్తే ఇక్కడి సున్నం అప్పటికే రాయైంది.

సాయంత్రం ముగ్గురు సైనికులు వచ్చారు. ఒకడు మెట్టు దగ్గర ఆగి ముగ్గును చూశాడు, పైన గోడను చూశాడు.  నుదుటి కుంకుమ తీసి గోడకు బొట్టు పెట్టి, "పోలేరమ్మ తల్లీ!" అని సాష్టాంగపడి పెద్దగా ఏడ్చాను. ఏడుపు మాత్రం నిజమే. వాడు "హిందీ" అని, ఇండియాదాని పూజనుకుని విసుక్కుని, బూటు మడమతో ముగ్గును ఒక్క తన్ను తన్ని వెళ్ళిపోయాడు. ఒక రేకు చిట్లింది.

అక్టోబరులో మన ఇండియావాళ్ళందరినీ అమ్మాన్ మీదుగా పంపించేస్తుంటే మామాయే నన్ను బస్సెక్కించింది. పోయే ముందు గవాచిలోంచి, "జాగ్రత్త నాయనా," అన్నాను. కిందనుంచి పలికాడు. అంతే.

"చిన్నమ్మా, ఇదేనా?" మునిలక్ష్మి నా చెయ్యి పట్టుకుని కొట్టుగది దగ్గరికి లాగింది.

నేను కట్టిన గోడ లేదు. దాని చోట వాకిలి తెరిచి ఉంది. మెట్టు మీద ముగ్గు, చిట్లిన రేకుతో సహా అట్లే ఉంది. చుట్టూ తాడు కట్టారు.

"ఇది పాతకాలం కువైటీ ఆడవాళ్ళ అలంకారం, దాదాపు వందేళ్ళనాటిది," అని ఇల్లు చూపించే అమ్మాయి అరబీలో చెప్పింది.

నాకు ఒళ్ళు మండింది. "వందేళ్ళా! నాకే అరవై లేవు. ఇది వేసింది నేను!"

ఆ అమ్మాయి బిత్తరపోయి లోపలికి చూసి ఎవరినో కేకేసింది. గోడ పగలగొట్టింది ఎవరు? వాణ్ణి బయటికి తీయడానికి ఇంటివాళ్ళా, పట్టుకుపోవడానికి సైనికులా? 

మిష్రిఫ్‌లో వంటింటి వెనక నేను వేసే ముగ్గును యూసుఫ్ చిన్నప్పుడు రోజూ తొక్కేవాడు. చీపురు పట్టుకుని తరిమేదాన్ని. అప్పటినుంచి నన్ను వెక్కిరించడానికి తన పొడుగు అంగీ దిష్‌దాషా మోకాళ్ళదాకా ఎత్తి, కుందేలులా దూకి దాటేవాడు.

కొట్టుగదిలోంచి తెల్లగడ్డం మనిషి ఒకాయన వచ్చాడు. పొట్ట మామాదే. తాడు పక్కకు తీసి, గడప దగ్గర ఆగి నన్ను తేరిపార చూశాడు. దిష్‌దాషా రెండు చేతులతో మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని, ముగ్గు మీదుగా దూకాడు.