నడుంపట్టీలో పదకొండేళ్లు

"ఈసారి అరలు కాస్త పెద్దవి కుట్టు, కట్టలు లావుగా ఉంటాయి," అన్నాడు భర్త, పెట్టె మీద మోకాలు పెట్టి జిప్పు లాగుతూ. చినిగిన జేబు కుట్టమన్నంత మామూలుగా అన్నాడు. ఆమె సరేనని సూదిలో దారం ఎక్కించింది. మర్నాడు పొద్దున్నే విమానం. పదకొండేళ్ల పరాయి దేశం ఆ ఒక్క గదిలో నాలుగు పెట్టెలై కూర్చుంది. గిన్నెలు కిందింటివాళ్లకి ఇచ్చేశారు. పరుపు కొన్నవాడు సాయంత్రం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. ఇక మిగిలిన పనల్లా ఆ నడుంపట్టీ ఒక్కటే.

ఆ పట్టీ సంగతి చెప్పాలి. అది అత్తగారి బుర్రలో పుట్టిన వస్తువు. జానెడు వెడల్పు గుడ్డ, రెండు పొరలు, మధ్యలో ఎనిమిది అరలు, వెనక కొక్కేలు. నోట్లు గరగరలాడకుండా ఒక్కో కట్టనీ పాత మెత్తటి బట్టలో చుట్టి అరలో దూర్చి, పైన కుట్టేయాలి. దాన్ని బట్టల లోపల కట్టుకుని ఆమె సరిహద్దు దాటాలి. ఎవరైనా తడిమి అడిగితే నడుం నొప్పి, డాక్టరు కట్టుకోమన్నాడు అని చెప్పాలి. ఆడవాళ్లని అంతగా వెతకరని అత్తగారి నమ్మకం. ఆ మహాతల్లి జన్మలో విమానం ఎక్కలేదు. అయినా ఎయిర్‌పోర్టులో ఎవరు ఎటు చూస్తారో కూరగాయలు తరుగుతూ కూర్చున్నచోటి నుంచే చెప్పేసేది.

ఒకసారి ఇల్లు చేరిన పూట ఆమె పట్టీ విప్పి మంచం మీద పడేసి స్నానానికి వెళ్లింది. తోడికోడలు, పాపం, అది నిజంగానే నొప్పికి కట్టుకునే పట్టీ అనుకుంది. చెమట వాసన వేస్తోందని సబ్బులో నానబెట్టి, బ్రష్షు పెట్టి రుద్ది, పిండి, దండెం మీద ఆరేసింది. ఆ ఇంట్లో అంత శ్రద్ధగా ఇంకేదీ ఎవరూ ఉతికి ఉండరు. ఆ రోజంతా ఇంటిల్లిపాదీ నోట్లు ఇస్త్రీ చేస్తూ కూర్చున్నారు. ఇప్పటికీ ఆ కథ చెప్పుకుని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. ఒక్క దగ్గర మాత్రం ఆమెకి నవ్వు రాదు. రోజుకి తొమ్మిది గంటలు మిషను మీద వంగి కుట్టే మనిషికి నడుం నొప్పి నిజంగానే ఉంది. అబ్బా అని ఎప్పుడు అన్నా, "ఇక్కడెవరు చూస్తున్నారని నటిస్తావు, ఇదేమన్నా ఎయిర్‌పోర్టా?" అంటాడు భర్త. వేడినీళ్ల కాపడం తనే పెట్టుకుని పడుకునేది.

ఆమె పని చేసింది యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో. హోటళ్లకీ ఆస్పత్రులకీ కంపెనీలకీ చొక్కాలు వెళ్లేవి. ఆమె వంతు కాలర్లు. అక్కడందరూ ఆమెని కాలరమ్మ అనేవాళ్లు. యజమాని జీతం కవర్లో పెట్టి చేతికిచ్చేవాడు. భర్త ఒక గోదాములో స్టోర్‌కీపరు. అతని జీతం బ్యాంకులో పడేది, అక్కణ్ణుంచి ఊళ్లో అతని పేరునే ఉన్న ఖాతాకి వెళ్లేది. తనకీ ఒక ఖాతా తెరిపించమని ఆమె మొదటి ఏడే అడిగింది. "మనమేమన్నా వేరు కాపురాలా?" అన్నాడు. ఎంత ముద్దుగా అన్నాడంటే, దానికి జవాబు వెతకడమే తప్పేమో అనిపించింది ఆమెకి. అలా పదకొండేళ్లు అతని జీతం కాగితాల మీదా, ఆమె జీతం ఆమె ఒంటి మీదా ప్రయాణం చేశాయి.

ఒంటి మీద వచ్చిన డబ్బుకి పేరుండదు. పట్టీ విప్పగానే అత్తగారి చేతికి వెళ్లేది, ఆ చేతి నుంచి బీరువాకి. ఆ బీరువాలోంచి మామగారి కళ్ల ఆపరేషను వచ్చింది, మరిది బండి వచ్చింది, ఇంటి మీద సగం అంతస్తు లేచింది. అంతా చూసినవాళ్లకి అత్తగారు, "మా పెద్దాడి కష్టం," అని చెప్పుకునేది. అలాగని వాళ్లు చెడ్డవాళ్లని ఎవరూ అనుకోవద్దు. తిట్టలేదు, కొట్టలేదు, అన్నం దగ్గర ఏనాడూ మాట అనలేదు. ఆ డబ్బు ఆమెదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, అంతే. గుర్తు చేయడానికి ఆమెకీ మొహమాటంగా ఉండేది.

సరిహద్దు దగ్గర భర్తది వేరే వరస. "బయటపడేదాకా నువ్వెవరో నేనెవరో. దొరికితే నీదేనని చెప్పు, నా పేరెత్తకు. ఇద్దరం ఇరుక్కుంటే విడిపించేదెవరు?" అనేవాడు. వినడానికి తెలివిగానే ఉండేది. కానీ ఏడాదికోసారి తనిఖీ దాటే ఆ నలభై అడుగులూ ఆమె నా అన్నవాళ్లు లేని మనిషిలా నడిచేది. ప్రతి యూనిఫారమూ తన వైపే వస్తున్నట్టుండేది. అప్పుడు ఆ చొక్కాల కాలర్ల వంక చూసి, మొనలు సరిగ్గా తిరగేయకుండా ఎవరు కుట్టారమ్మా ఇవి అని మనసులో తిట్టుకుంటూ గుండె దిటవు చేసుకునేది.

ఈసారి సంగతి వేరు. వర్క్‌షాపు మూతపడింది. యజమాని పదకొండేళ్ల నౌకరీకి లెక్కగట్టి మొత్తం ఒకేసారి ఇచ్చాడు. ఫలానా మనిషికి ఇంత ఇచ్చానని లెటరు మీద సంతకం పెట్టి ముద్ర కూడా వేశాడు. ఇంత డబ్బు ఆమె ఎప్పుడూ ఒక్కసారిగా చూడలేదు, ఇకముందు చూడబోదు కూడా. ఊళ్లో ఇంటి వీధి చివర మందుల షాపు పక్క గది ఖాళీ అయిందని తోడికోడలు ఫోన్లో చెప్పినప్పటి నుంచీ ఆమెకి కాలు నిలవడం లేదు. రెండు మిషన్లు, ఒక కటింగు బల్ల, గోడకి నిలువుటద్దం. వెలుతురు ఎటు నుంచి వస్తుందో, మిషను ఏ మూల వేయాలో కూడా అనుకుంది. భర్తతో అంటే, "ఇంట్లో మిషనుందిగా, కొట్టెందుకు?" అన్నాడు. అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి పై అంతస్తు పూర్తి చేయించడానికి మేస్త్రీని మాట్లాడేసింది, టైల్స్ రంగు కూడా ఖాయం చేసేసింది. డబ్బింకా సరిహద్దు దాటనే లేదు.

పక్క మిషను మీద కాజాలు కుట్టే ఆవిడని అందరూ కాజాలక్క అనేవాళ్లు. నోరు కాస్త గట్టిదే గానీ మనిషి వెన్న. ఆఖరి రోజు టీ తాగుతూ ఆమె నడుంపట్టీ సంగతి చెబితే కాజాలక్క గ్లాసు కింద పెట్టేసింది.

"ఓసి పిచ్చిదానా, డబ్బు తేవడం తప్పని నీకెవరు చెప్పారే? చెప్పకుండా తేవడం తప్పు. పరిమితి దాటితే, దిగాక ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్ల ఎర్రబోర్డు కిందకెళ్లి చెప్పు. ఫారం ఇస్తారు, నింపు. ముద్రేస్తారు, నీ దారిన నువ్వు పో. దాచి దొరికితేనే గదా మొత్తం లాక్కునేది."

తను నాలుగుసార్లు అలాగే వెళ్లానంది కాజాలక్క. పైగా, అంత పరాయి డబ్బు పట్టుకెళ్తే ముద్ర వేసిన కాగితం లేకుండా ఊళ్లో ఏ బ్యాంకూ వేసుకోదంది. కాగితం లేకపోతే నీకు మీ అత్త బీరువాయే గతి అని కూడా అంది. ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. సాయంత్రం భర్తకి చెబితే, కాజాలు కుట్టుకునే మనిషికి ఏం తెలుసు, ఎర్రబోర్డు కిందకి వెళ్లడమంటే చేతులారా అప్పగించడమేనని కొట్టిపారేశాడు. పదకొండేళ్లలో ఒక్కసారైనా ఆ బోర్డు కింద ఏం రాసుందో చదివారా అని అడగాలనిపించింది. అడగలేదు.

పట్టీ మాత్రం కుట్టింది. అరలు పెద్దవిగా, కుట్టు దగ్గరగా, అతను చెప్పినట్టే. తెల్లవారి స్నానాల గదిలో ఆ ఎనిమిది అరల్లోనూ కాలర్లలో వేసే గట్టిగుడ్డ ముక్కలు మడిచి పెట్టి కట్టుకుంది. డబ్బు మొత్తం భుజానికి తగిలించుకునే సంచీలో, లెటరు పక్కన పెట్టుకుంది. భర్త ఆమె నడుం వంక ఓసారి చూసి తృప్తిగా తలూపాడు. బయల్దేరేచోట సంచీ తెరిచిన ఉద్యోగికి లెటరు చూపిస్తే చదివి, దిగాక అక్కడ చెప్పండమ్మా అని పంపించేశాడు. విమానంలో భర్త లేచి తిరగకు, వంగకు అని రెండుసార్లు జాగ్రత్తలు చెప్పి నిద్రపోయాడు. నిజం చెప్పొద్దూ, ఆ గట్టిగుడ్డ నడుముకి ఆనుకుని ఉంటే ఆమెకి ప్రాణం హాయిగా ఉంది. ఇన్నేళ్ల బట్టీ ఇలాంటిదొకటి తనకోసం కుట్టుకోలేదేమా అనుకుంది.

దిగాక భర్త ఎప్పట్లాగే సామాన్ల బండి తోసుకుంటూ ముందు వెళ్లిపోయాడు. హాలు చివర రెండు దారులు. చెప్పుకునేదేమీ లేనివాళ్లు పచ్చబోర్డు కింద నుంచి, ఉన్నవాళ్లు ఎర్రబోర్డు కింద నుంచి వెళ్లాలి. పచ్చదారిలో జనం బిలబిలలాడుతున్నారు. ఎర్రదారిలో ఒక్క మనిషీ లేడు. ఇప్పటికైనా అటు వెళ్లిపోతే ఎవరికీ తెలియదు, ఇంటికెళ్లి కట్టలు అత్తగారికి ఇచ్చేస్తే గొడవే ఉండదు అనుకుంది. ఆ కొట్టు గదిలో ఎవరో మిషను పెట్టుకుంటారు, తను వంటింటి పక్కన వంగి కుట్టుకుంటుంది. అంత మాత్రం అనుకునేసరికి కాళ్లే ఎర్రబోర్డు వైపు తిరిగాయి.

బల్ల వెనక ఆమె వయసు ఆఫీసరమ్మ ఉంది. ఫారం ఇచ్చింది. నింపడం మొదలుపెట్టాక గానీ అందులో ఏం అడుగుతారో ఆమెకి తెలియలేదు. డబ్బు ఎంత, ఎలా వచ్చింది, ఎవరిది. ఆ చివరి గడి దగ్గర పెన్ను ఆగింది.

"మొత్తం మీదేనా అమ్మా?" అంది ఆఫీసరమ్మ.

"నాదే. కాలర్లు కుట్టి సంపాదించాను."

ఆఫీసరమ్మ లెటరు చదువుతూ, తనకి తెలియకుండానే చెయ్యెత్తి తన కాలరు సర్దుకుంది. ఆ చివరి గడిలో ఆమె తన పేరు పూర్తిగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. నోట్లు మిషనులో వేసి చూశారు, ఫారం మీద ముద్ర వేశారు, బ్యాంకులో అడుగుతారు జాగ్రత్తగా పెట్టుకోండి అన్నారు. టీ కాచేంత సేపు కూడా పట్టలేదు. ఇంతేనా అని బయటికే అనేసింది. ఇంతేనమ్మా అంది ఆఫీసరమ్మ. ఈ చిన్న పనికి భయపడా పదకొండేళ్లు అంత చెమట కార్చింది? ఆమెకి కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదని చెప్పాలో తెలియలేదు.

అప్పుడు తలెత్తితే అద్దాల అవతల పచ్చదారిలో భర్త కనిపించాడు. ఆమెనే చూస్తున్నాడు. బల్ల, ఆఫీసరమ్మ, పరిచిన నోట్లు, అన్నీ చూశాడు. ఒక్క క్షణం ఇద్దరి కళ్లూ కలిశాయి. అతను తల తిప్పుకుని బండి తోసుకుంటూ తలుపులు దాటి వెళ్లిపోయాడు. అది చెప్పి ఉంచిన పద్ధతే. అయినా అతను నిజంగా వెళ్లిపోతుంటే చూడడం ఆమెకి చాలా కష్టంగా ఉంది.

బయట ఒక స్తంభం చాటున నిలబడి అతను వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆమె వెనక నుంచి వచ్చిన సంగతి గమనించలేదు. "పట్టుకున్నారమ్మా, మొత్తం బల్ల మీద పరిచేశారు… నేనా? నేను బయటే ఉన్నా, నాకేం కాలేదు." ఆమె ఆ మాటలు నిలబడి పూర్తిగా వింది. తర్వాత అతని భుజం తట్టింది. అతను ఉలిక్కిపడి తిరిగి, "ఎంత పోయింది?" అన్నాడు.

"ఏమీ పోలేదు. చెప్పుకుని వచ్చాను. కాగితం ఇచ్చారు."

అతను కాగితం రెండుసార్లు చదివి, అమ్మయ్య అని ఊపిరి వదిలి, ముందు చెప్పకుండా ఇంత పని చేస్తావా అని కేకలేశాడు. ఆమె టాక్సీ ఎక్కి, మూసేలోపు బ్యాంకుకి పోనివ్వమని డ్రైవరుకి చెప్పింది. దారిలో అతను సగం దూరం విసుక్కున్నాడు, మిగతా సగం లెక్కలు వేసుకున్నాడు. సరేలే, నా ఖాతాలో వేసేద్దాం అన్నాడు. కాగితం మీద నా పేరుందండీ అంది. బ్యాంకులో ఫారాలు చూసే అమ్మాయీ అదే మాట చెప్పింది, ఈ కాగితం మీద ఈవిడ పేరున మాత్రమే వేయగలం అని. అతను కాసేపు గడ్డం గోక్కుని, ఎవరి పేరున ఉంటేనేం, ఇంట్లో డబ్బు ఇంట్లోనే ఉంటుంది కదా అని తనకి తనే చెప్పుకుని చల్లబడ్డాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. మందుల షాపు పక్క గదికి ఈ వారంలోనే అడ్వాన్సు ఇచ్చేయాలి. కటింగు బల్ల మాత్రం వంగక్కర్లేనంత ఎత్తుగా చేయించుకోవాలి. కడుపు నిండా తిన్నట్టుంది ఆమెకి.

"ఇదొక్కటీ మిగిలిందండీ, నామినీ," అంది ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని. "మీ తర్వాత డబ్బు ఎవరికి చెందాలో ఆ పేరు చెప్పండి."

భర్త కుర్చీ ముందుకి జరుపుకుని, గొంతు సవరించుకుని, ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పబోయాడు.

"ఆ గడి ఇప్పటికి ఖాళీగా ఉంచమ్మా," అంది ఆమె. "ఎవరికి తగునో కొన్నాళ్లు చూసి చెప్తాను."