కొబ్బరినీళ్లు తాగిన మంచుబండి

నేను ఒక మంచుబండిని. మీలో చాలామంది నన్ను చూసి ఉండరు. చూసినవాళ్లు కూడా "ఇదేం స్కూటరు, చక్రాలేవి?" అని అడిగినవాళ్లే. నాకు చక్రాలుండవు. ముందు రెండు పలకలుంటాయి, మంచు మీద జారడానికి. కడుపు కింద వెడల్పాటి రబ్బరు పట్టా ఉంటుంది, మంచును వెనక్కి తోసి నన్ను ముందుకు నెట్టడానికి. మధ్యలో ఇంజను, ఆ పైన సీటు, సీటు మీద మనిషి. చిక్కంతా ఆ చివరి దానితోనే.

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఓపిక తక్కువ. ఒకచోట నిలబడమంటే ప్రాణం మీదికొస్తుంది. ఇది నా పొగరు కాదు, నా పుట్టుకే అంత. మెత్తటి మంచులో ఆగితే కూరుకుపోతాను. తడి పట్టాతో ఆగితే నేలకు అతుక్కుపోతాను. కదులుతున్నంతసేపే నేను బండిని, ఆగితే వట్టి ఇనుము. అందుకని ఈ కథ కూడా కాస్త తొందరగానే చెబుతాను, మీరే సర్దుకోవాలి.

పుట్టింది సముద్రాల అవతల ఒక చలిదేశంలో. పుట్టగానే ఇంజను ఒక్కసారి వినిపించి, బాగుందనుకుని, చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టేశారు. ఆ తర్వాత ఓడ. ఆ తర్వాత మే నెల ఎండలో లారీ. మంచు కోసం పుట్టిన నన్ను మాడిపోతున్న రోడ్డు మీద ఊరేగించారు. ట్యాంకు ఖాళీ చేసి మూత బిగించారు, అంతవరకు బుద్ధిగానే చేశారు. కానీ కట్టడం దగ్గర వచ్చింది తంటా. ముందు పలకలకు మాత్రం తాడు కట్టి, వెనక భాగాన్ని దేవుడికి వదిలేశారు. గుంట వచ్చినప్పుడల్లా నా నడుము లారీ గోడకేసి కొట్టుకునేది. దారిలో ఒక హోటలు దగ్గర ఎవరో ముసలి డ్రైవరు చూసి, మా లారీవాణ్ణి నాలుగు తిట్టి, నా వెనక కూడా బెల్టులు వేసి, పైన టార్పాలిన్ కప్పి బిగించాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. ఆయన లేకపోతే కొండ చేరేసరికి నేను ముక్కలుగా దిగేదాన్ని.

మొదటి యజమాని ఒక కొండ ఊళ్లో యాత్రికులను మంచు మీద తిప్పే కాంట్రాక్టరు. ఆహా, ఏం తిప్పుడు! ఒక గుండ్రం, ఒక ఫోటో. ఇంకో గుండ్రం, ఇంకో ఫోటో. ఇద్దరికి చేసిన సీటు మీద ముగ్గురు, ఒక్కోసారి ఒళ్లో పిల్లాడితో నలుగురు. ఒకావిడ చున్నీ కొస గాలికి ఎగిరి నా పట్టాలోకి పోయింది. ఆవిడ అదృష్టం, చున్నీ మెడలోంచి జారి వచ్చింది. అయినా ఆవిడ మొదట ఏడ్చింది చున్నీ కోసమే. మనుషులకు దేనికి భయపడాలో సరిగ్గా ఆ క్షణంలో తోచదని నాకప్పుడే తెలిసింది.

వేసవి వస్తే ఆ కాంట్రాక్టరు నన్ను ట్యాంకులో పెట్రోలుతో అలాగే మూల పడేసేవాడు. పెట్రోలు జిగురై కార్బ్యురేటర్ మూసుకుపోయింది. ఎలుకలు సీటు కొరికి సంసారం పెట్టాయి. ఏ ఏటికి ఆ ఏడు నేను దగ్గుతూ లేచేదాన్ని. చివరికి విసిగిపోయి నన్ను అమ్మేశాడు. విసుగు నాకే ఎక్కువ ఉండింది, అడిగేదెవరు?

నన్ను కొన్నది ఒక సొరంగం కంపెనీ. కొండ ఈవలి లోయనుంచి ఆవలి లోయకు రోడ్డు కోసం సొరంగం తవ్వుతున్నారు. సొరంగం పైవైపు ముఖద్వారం దగ్గర ఒక క్యాంపు ఉంది. చలికాలంలో రోడ్డు మూసుకుపోతుంది. కింద చిన్న ఊళ్లో ఆసుపత్రి ఉంది, అక్కడికి మనిషిని దించాలంటే నేను తప్ప గతి లేదు. ఆ క్యాంపులో సగం మంది మనవాళ్లే. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి కొండను తొలుస్తున్నవాళ్లు. నాకు తెలుగు వచ్చింది అక్కడే.

నన్ను అప్పలసూరి చేతికిచ్చారు. శ్రీకాకుళం జిల్లా మనిషి, మట్టి తవ్వే యంత్రం నడిపేవాడు. అంతకుముందు మంచు అంటే ఐస్‌పుల్ల బండిలోదే తెలుసు. వచ్చిన రోజే నన్ను విప్పి పరిచాడు. జిగురు కడిగాడు, ఎలుకల గూడు తీశాడు, ఇంజను బలాన్ని పట్టాకు అందించే బెల్టు అరిగితే మార్చి, ఇంకొకటి సీటు కింద దాచాడు. పట్టా బిగువు చూశాడు. పని అయ్యాక నన్ను ఎప్పుడూ నేల మీద వదిలేవాడు కాదు. పట్టాలోని మంచు గోకి, నా వెనక భాగం ఎత్తి చెక్కదిమ్మెల మీద ఆనించేవాడు. నాకు నిలబడడం ఎంత కష్టమో తెలిసిన మొదటి మనిషి అతనే.

పొద్దున్నే ఒక తంతు ఉండేది. ఇంజను వేయకముందే బొటనవేలితో యాక్సిలరేటర్ మీట నొక్కి వదిలేవాడు. టక్కున వెనక్కి రావాలి. రాకపోతే ఆ రోజు బండి కదలదు. తర్వాత ఎర్ర తాడు. దాని ఒక కొస నా మీద బటనుకు, ఇంకో కొస అతని నడుముకు. మనిషి పడ్డా, తాడు లాగినా ఇంజను ఆగిపోతుంది.

నాకు ఈ తంతంతా చిరాకు. పద పద అని నా ఒళ్లంతా కొట్టుకుంటుంటే, ఇతను తాపీగా నా చుట్టూ తిరుగుతాడు.

"ఉండే తల్లీ, ఎందుకంత కంగారు? ఎల్లడం కాదు, తిరిగి రావాల," అనేవాడు.

కిందికి దిగే దారిలో ఒక ఏటవాలు ఉంది. పైన బరువుగా మంచు వేలాడుతూ ఉంటుంది, ఎప్పుడు జారుతుందో తెలియదు. అక్కడ సూరి నియమం ఒక్కటే: ఆగకూడదు. ఒంటి మోకాలి మీద లేచి, బరువంతా కొండవైపు వేసి, ఒకే వేగంతో దాటించేవాడు. లోకంలో నాకు బాగా నచ్చిన నియమం అదే.

సూరికి క్యాంపులో ఒక స్నేహితుడుండేవాడు. పేరు చెన్నకేశవులు, పాలమూరు వైపు మనిషి, సొరంగంలో డ్రిల్లింగు పని. భక్తి ఎక్కువ, మాట ఇంకా ఎక్కువ. సొరంగంలోకి పోయే ప్రతి యంత్రానికీ మొక్కి పోయేవాడు. నేను సొరంగంలోకి పోను కదా, అయినా నాకూ మొక్కేవాడు. నాకు కొంచెం సిగ్గుగా ఉండేది, కొంచెం బాగానూ ఉండేది.

ఆ ఏడు మంచు ముందే పడింది. దసరాకు ముందే రోడ్డు మూసుకుపోయింది. అయినా ఆయుధపూజ మానతారా? డ్రిల్లు రాడ్లు, కంప్రెసర్లు, పారలు, అన్నీ కడిగి బొట్లు పెట్టారు. నన్ను షెడ్డులోకి లాక్కొచ్చారు. లోపల హీటరు వెచ్చగా ఉంది. పూజ రోజు యంత్రం నడపకూడదట! నా ఒళ్లు మండిపోయింది. ఏడాదిలో ఒక్క రోజు గౌరవించడానికి ఆ ఒక్క రోజూ కట్టేస్తారా?

కేశవులు దగ్గర ఒక కొబ్బరికాయ ఉంది. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నది. క్యాంపులో నీళ్ల బిందెలే రాయిలా గడ్డకట్టేవి. కాయలో నీళ్లు గడ్డకట్టకూడదని అతను దాన్ని రోజూ తన పరుపుసంచిలో, పొట్టకు ఆనించుకుని పడుకునేవాడు. అందరూ ఎగతాళి చేశారు. ఆ కాయ మిగతా యంత్రాలకు కాదు, నాకట.

"మనల్ని కిందికి దించే తల్లి ఇదే గదా. దీనికి కాకపోతే ఇంకెవరికి గొడ్తం?" అన్నాడు.

కాయ కొట్టాడు. నీళ్లు గడ్డకట్టలేదు. అతని మొహం వెలిగిపోయింది. ఆ నీళ్లు నా మూతి మీద చిలకరించి, మిగిలినవి హ్యాండిల్ మీద, కుడిచేతి మీట మీద ధారగా పోశాడు. సూరి పక్కనే ఉన్నాడు. నోరు తెరిచాడు. కేశవులు మొహం చూశాడు. నోరు మూసుకున్నాడు. తర్వాత పాత గుడ్డ తెచ్చి మీటంతా శుభ్రంగా తుడిచాడు. పైన తుడిచాడు, మీట నుంచి ఇంజనుకు పోయే కేబుల్ గొట్టంలోకి దిగిన చుక్కలు గుడ్డకు అందవు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కేశవులుకు ఆయాసం వచ్చింది. రెండు రోజులుగా దగ్గుతున్నాడు, జలుబని ఎవరికీ చెప్పలేదు. పండగ పాడవుతుందని భయం. ఇప్పుడు పెదవులు నీలంగా మారాయి, దగ్గితే నురగ వచ్చింది. క్యాంపు డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు.

"ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. ఈ ఎత్తులో ఉంచితే బతకడు. ఇప్పుడే కిందికి దించాలి," అన్నాడు.

మబ్బు దిగి ఉంది, హెలికాప్టరు రాదు. పూజ రోజని ఎవరూ అనలేదు. నా వెనక మంచు మీద జారే తొట్టి తగిలించారు. అందులో కేశవులును పడుకోబెట్టి, దుప్పట్లు చుట్టి, పక్కన ఆక్సిజన్ సిలిండరు పెట్టి బెల్టులు బిగించారు. సూరి అంత హడావిడిలోనూ మీట నొక్కి వదిలాడు. టక్కున వెనక్కి వచ్చింది. వెచ్చని షెడ్డులో రాక ఏం చేస్తుంది? ఎర్ర తాడు నడుముకు కట్టుకున్నాడు. బయల్దేరాం.

బయట గాలి కోసేస్తోంది. మొదటి వంపు, రెండో వంపు బాగానే దాటాం. వెనక తొట్టిలోంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. అది వినిపించినంతసేపూ సూరికి ధైర్యం. ఏటవాలు వచ్చింది. సూరి మోకాలి మీద లేచి మీట నొక్కాడు. నేను దూకాను. ముందున్న మలుపు కోసం అతను బొటనవేలు వదిలాడు. మీట వెనక్కి రాలేదు.

కేబుల్ గొట్టంలోని కొబ్బరినీళ్లు గడ్డకట్టాయి. ఇంజను గర్జిస్తోంది, పగ్గం పట్టేవాడు లేడు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకది పండగలాగే అనిపించింది. ఆపేవాళ్లు లేకుండా పరిగెత్తాలని పుట్టిన దగ్గర్నుంచీ కోరిక. మరుక్షణం వెనక తొట్టి పక్కకు ఊగింది. ఒక పక్క లోయ. నాకు భయం వేసింది. ఆగాలని నాకు నేనుగా అనుకున్నది నా జన్మలో అదే మొదటిసారి.

సూరి ఎర్ర తాడు లాగేశాడు. ఇంజను చచ్చిపోయింది. జారి, జారి, ఏటవాలు నడిమధ్యన ఆగాం. ఎక్కడ ఆగకూడదో సరిగ్గా అక్కడ. పైన మంచు వేలాడుతోంది. తొట్టిలో దగ్గు సన్నబడింది.

సూరి మీట కదిపి చూశాడు. బిగుసుకుపోయింది. కేబుల్ మీద వేలు పెట్టాడు. అర్థమైంది. ఫ్లాస్కులో వేడినీళ్లున్నాయి. అటు చూశాడు, ముట్టుకోలేదు. పోస్తే ఒక నిమిషం కరుగుతుంది, ఆ తర్వాత ఇంకా గట్టిగా గడ్డకడుతుంది. కుడి చేతి గ్లవుజు పళ్లతో లాగి పడేశాడు. ఉత్త చేత్తో మీటనూ కేబులునూ కలిపి పిడికిట్లో పట్టుకున్నాడు. చర్మం ఇనుముకు అతుక్కుంది. అతను కదల్లేదు. వంగి నోటి ఆవిరి దాని మీద వదులుతూనే ఉన్నాడు.

"కేసవులూ, ఒరే, పడుకోకు. మాటాడు," అని అరుస్తున్నాడు.

తొట్టిలోంచి సన్నగా గొంతు వచ్చింది.

"అన్నా... ఎందుకాగినం?"

"ఏటీ నేదురా. ఇదిగో, ఎల్లిపోతన్నాం."

ఎంతసేపు పట్టుకున్నాడో నాకు తెలియదు. నాకైతే నా బతుకంతకన్నా ఎక్కువ అనిపించింది. మీట మెల్లగా వెనక్కి వచ్చింది. ఎర్ర తాడు మళ్లీ తగిలించి ఇంజను వేశాడు, గ్లవుజు మాత్రం వేసుకోలేదు. వేసుకుంటే గాలికి మళ్లీ బిగుసుకుంటుంది. ఉత్త పిడికిలి అలాగే బిగించి, బొటనవేలితో మీట నొక్కుతూ, ఆసుపత్రి గుమ్మం దాకా నడిపాడు. సగం దారిలోనే ఆ వేళ్లలో స్పర్శ పోయింది. ఎంత నొక్కుతున్నాడో తెలియక కళ్లతో చూసుకుని నొక్కాడు. నేను మారాం చేయలేదు. ఎంత అడిగితే అంతే కదిలాను.

గుమ్మంలో కేశవులును ఎత్తుకుని లోపలికి తీసుకుపోయారు. సూరిని కూడా తీసుకుపోయారు. నన్ను దిమ్మెల మీద పెట్టేవాళ్లు లేక అక్కడే నేలకు అతుక్కుపోయాను. చలికి వణకని నేను ఆ సాయంత్రమంతా లోపల ఏమవుతోందో తెలియక వణికాను.

కేశవులు బతికాడు. సూరి కుడి బొటనవేలు, చూపుడువేలు తీసేశారు.

ఆ తర్వాత సొరంగం పూర్తయింది. ఇప్పుడు బస్సులు కొండ కడుపులోంచి వెళ్తున్నాయట. నాతో పని లేదు. కింది ఊళ్లో కంపెనీ గోదాములో, విరిగిన డ్రిల్లు రాడ్ల పక్కన నన్ను పెట్టారు. కిటికీలోంచి మంచు కనిపిస్తుంది. అది పడుతున్నప్పుడల్లా నా పట్టా దురద పెడుతుంది. నేను శాంతంగా ఉన్నానని చెబితే అబద్ధం.

సొంత ఊళ్లకు వెళ్లిపోయే ముందు ఇద్దరూ ఒకసారి నన్ను చూడటానికి వచ్చారు. కేశవులు ఒళ్లు చేశాడు. నా హ్యాండిల్ నిమిరాడు, అలవాటుగా దండం పెట్టుకున్నాడు. సూరి ఎడం చేత్తో సీటు మీద దుమ్ము దులిపాడు. కుడి చెయ్యి జేబులో ఉంది.

"అన్నా, ఆ దినం నడిమిట్ల ఎందుకాగినం? నాకు సరిగ యాదికి లేదు," అని కేశవులు అడిగాడు.

"బెల్టు తెగిందిరా. మార్సేను."

"మరి నీ చేతి ఏళ్లు?"

"గ్లవుజు గాలికెగిరిపోనాది."

కేశవులు తల ఊపాడు. నా బెల్టు ఆ రోజు తెగలేదు. మార్చాల్సిన బెల్టు ఇప్పటికీ సీటు కిందే ఉంది. అరిచి చెప్పాలనిపించింది. నాకు ఇంజను ఉంది గానీ నోరు లేదు.

కేశవులు ఇంకోసారి మీటను వేలితో తాకి కళ్లకద్దుకున్నాడు.

"పొద్దుగాల్నే దీనికి కొబ్బరికాయ గొట్టిన, మంచిదయింది. లేకుంటే ఆడనే ఇద్దరం పోదుము. గదే గాపాడింది గదన్నా?"

సూరి నావైపు చూశాడు. తర్వాత అతనివైపు చూశాడు.

"ఔనురా. అదే కాసింది," అన్నాడు. జేబులోంచి చెయ్యి తియ్యలేదు.