పైన మనిషి ఉన్నాడు

ఓడ దిగి వచ్చిన రాజేందర్‌ను చూడటానికి ఖాజాగూడలో సగం ఊరు వచ్చింది. మిగతా సగం అంతకుముందే వచ్చి కూర్చుంది. ఆ ఊళ్లో చెరువు కంటే పెద్ద నీళ్ల మీద పని చేసినవాడు అతనొక్కడే కాబట్టి, సముద్రం ఎంత ఉంటుందన్నది అతని దయ మీద ఆధారపడింది. ఓడ స్తంభానికి రంగు వేయడానికి పొద్దున డబ్బాతో ఎక్కితే, పైకి చేరేసరికి డబ్బాలో రంగు ఎండిపోయేదని చెప్పాడు. కింద నుంచి తాడుకు కట్టి అన్నం పంపితే, అందేసరికి పాచిపోయేదన్నాడు. ఎవరూ కాదనలేదు.

"మరి గంత మంచి కొలువు ఎందుకిడిసినవ్‌రా?" అని మేనమామ చంద్రయ్య అడిగాడు.

"ఓడ రిపేరుకు పోయింది మామా. ఏడాది పడ్తది."

ఓడ ఎక్కడికీ పోలేదు. రాజేందర్‌నే పంపించేశారు. ఆ సంగతి ఖాజాగూడలో అతనికొక్కడికే తెలుసు. అందుకే చాయ్ దుకాణంలో చంద్రయ్య "మా అల్లుడు ఓడ మీద చేసిండు" అన్నప్పుడల్లా రాజేందర్ చాయ్ గ్లాసులోకి చూసుకునేవాడు.

చంద్రయ్య బిల్డింగులకు రంగులేసే మేస్త్రీ. అప్పుడు మాదాపూర్‌లో బండలు పేల్చి ఆఫీసులు లేపుతున్నారు. అలాంటి ఒక ఆరంతస్తుల ఆఫీసుకు రంగు పని దొరికితే మేనల్లుణ్ణి వెంట తీసుకుపోయాడు. పైకప్పు నుంచి రెండు తాళ్లకు పలక వేలాడదీసి, నడుముకు ఇంకో తాడు కట్టుకుని, పలక మీద కూర్చుని గోడకు రంగు వేయాలి. ఆ పక్కనే సిమెంటు తొట్టిని పైకి లాగే మిషన్. దాని స్విచ్ కింద, తొట్టి నింపి పంపే కనకమ్మ దగ్గర ఉంటుంది. పలక మీద మనిషి ఉండగా తొట్టి లేచిందంటే గుద్దుకుంటుంది. అందుకని చంద్రయ్య పైనుంచి "ఆపు" అని అరిచేవాడు. గాలి దయ తలిస్తే కనకమ్మకు వినబడేది.

రాజేందర్ మొదటిరోజే ఓడ పద్ధతి పెట్టాడు. రేకు ముక్క మీద ఎర్ర రంగుతో 'పైన మనిషి ఉన్నాడు' అని రాశాడు. ఎక్కేవాడు దాన్ని స్విచ్‌కు తగిలించి ఎక్కాలి. దిగాక తన చేత్తోనే తీయాలి. ఇంకొకరు ముట్టకూడదు.

"ఓడ మీద గీ బోర్డు చూస్తే కెప్టెన్ గూడ చేతులు కట్టుకుంటడు అక్కా. ముట్టినోన్ని సముద్రంల ఏస్తరు."

"ఈడ సముద్రమేడిది?" అంది కనకమ్మ.

"దుర్గం చెరువుతోని సర్దుకుంటం."

నెలరోజులు బోర్డు మాట చెల్లింది. ఆ తర్వాత రాజేందర్ చేతులకు దురద మొదలైంది. ఓడ మీద చేసింది పెద్ద తప్పని తెలుసు. చిన్నగా చేస్తే తప్పు కాదనుకున్నాడు. బోర్డును పాయిఖానా తలుపుకు తగిలిస్తే, సూపర్‌వైజర్ రామబ్రహ్మం బయట అరగంట నిలబడ్డాడు. ఆ అరగంటలో ఆయన ముక్కోటి దేవతల్నీ ఒక్కొక్కరిగా పిలిచాడు. మర్నాడు బోర్డు ఆయన స్కూటర్ ఎక్కింది. తర్వాత చాయ్ కెటిల్‌కు చేరింది. చివరికి పైన పిట్ట కూడా లేనప్పుడు స్విచ్‌కే తగిలించి, కనకమ్మ చేత పూటంతా మిషన్ ఆపించాడు. పైనున్న మనిషి ఎప్పుడు దిగుతాడా అని ఆమె చూసీ చూసీ, సాయంత్రం ఇంటికి కూడా మెడ పైకెత్తుకునే పోయింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

శుక్రవారం కనకమ్మ రాకముందే చంద్రయ్య బోర్డు తగిలించి ఎక్కాడు. ఐదో అంతస్తు సజ్జ చాటున కూర్చోవడంతో కిందికి కనబడలేదు. కనకమ్మ బోర్డు చూసింది. చాయ్ తాగుతున్న రాజేందర్‌ను చూసింది. అతను అలవాటు కొద్దీ నవ్వి, మళ్లీ గ్లాసులోకి చూసుకున్నాడు.

"ఈపారి నా మెడ నొయ్యనియ్య," అని కనకమ్మ బోర్డు తీసి పక్కన పెట్టి స్విచ్ నొక్కింది.

తొట్టి పోయి పలకను గుద్దింది. ముందు రంగు డబ్బా కింద పడింది. చంద్రయ్య నడుం తాడుకు వేలాడాడు. పైకప్పు మీది నుంచి నలుగురు లాగి తీశారు. భుజం కీలు తప్పింది.

మర్నాడు చేతికి కట్టుతో చంద్రయ్య వచ్చి సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు. రామబ్రహ్మం అందరినీ పిలిచాడు.

"బోర్డు తీసింది ఎవరు?"

"నేనే సారూ. మజాక్ అనుకున్న."

"ప్రాణాలతో మజాకా? ఇంక నువ్వు రావక్కర్లేదు, వెళ్లు."

కనకమ్మ బతిమాలలేదు. సద్ది గిన్నె కొంగున చుట్టుకుంది. మజాక్ నేర్పింది ఎవరో అక్కడ అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ రాజేందర్ వైపు చూడలేదు. ఓడ మనిషిని ఏమంటారు? రామబ్రహ్మం ఊరుకుంటే అంతటితో అయిపోయేది.

"నువ్వు చెప్పవయ్యా రాజేందర్," అన్నాడు రామబ్రహ్మం. "ఓడ మీద ఇలాంటి పని చేస్తే ఏం చేస్తారు?"

రాజేందర్ కనకమ్మ కొంగులోని సద్ది గిన్నె వైపు చూశాడు.

"పంపిచ్చేస్తరు సార్."

"విన్నావా కనకమ్మా?"

"నన్ను గట్లనే పంపిచ్చిండ్రు," అన్నాడు రాజేందర్.

సిమెంటు మిక్సర్ దగ్గరున్న స్వామి దాన్ని ఆపేశాడు.

"మా సరంగు, అంటే పనోళ్ల పెద్ద, స్తంభమెక్కి హారన్ పక్కన రంగేస్తుండె. కింద హారన్ మీట కాడ గిసొంటి బోర్డే ఉండె. నేను నవ్వులాటకు బోర్డు తీసి మీట ఒత్తిన. ఆయన ఉలిక్కిపడి జారిండు. బెల్టుకు ఏలాడిండు. రెండు రోజులు చెవులు వినపడలె. ఓడ రిపేరుకు పోలేదు మామా. ఈడ బోర్డును ఆటబొమ్మ చేసింది గూడ నేనే. అక్క తప్పేం లేదు."

స్వామి మెల్లగా అడిగాడు. "మరి ఆ స్తంభం నిజంగ అంత ఎత్తుంటదా?"

"ఇగో, గీ బిల్డింగంత గూడ ఉండదు."

ఎవరైనా నవ్వితే బాగుండుననుకున్నాడు రాజేందర్. ఎవరూ నవ్వలేదు. చంద్రయ్య కట్టు కట్టిన చెయ్యి వైపు చూసుకుంటూ ఉండిపోయాడు.

"అయితే నువ్వే వెళ్లు," అన్నాడు రామబ్రహ్మం.

"ఉండనియ్యిండ్రి సారూ," అన్నాడు చంద్రయ్య, మేనల్లుడి వైపు చూడకుండానే. "కనకమ్మను గూడ ఉండనియ్యిండ్రి. ఆ రేకును ఇగ ఎవ్వరు నమ్మరు. ఎవరు పైకెక్కినా వీడే స్విచ్ కాడ నిలబడాలె. బోర్డు లెక్క."

సోమవారం చంద్రయ్య బదులు స్వామి పలక ఎక్కాడు. రాజేందర్ స్విచ్ పక్కన నిలబడి మెడ పైకెత్తాడు. మధ్యాహ్నానికి ఖాజాగూడ అంతటికీ స్తంభం ఎత్తు తెలిసిపోయింది.

పలక మీద నుంచి స్వామి వంగి, అతన్ని దాటి వెనక్కు కేకేశాడు.

"కనకమ్మా, మిషన్ ఫ్యూజు తీసినవా?"

"తీసిన. నా కొంగుల ఉన్నది. ఫికర్ చెయ్యకు."

రాజేందర్ మెడ దించలేదు. దించితే ఎవరో ఒకరి మొహం చూడాల్సి వస్తుంది.