పందొమ్మిది పిలకలు

చెట్లు పెకలించే యంత్రం మొదట మా వదిన పెరట్లోకే వచ్చింది. ఆమె మా ఆయనకు అక్క. అరటితోటలో గెల మీద పడి కాలు విరిగినప్పటి నుంచీ మేం కూలీలం ఉండే లేబరు లైన్లలో చిన్నా పెద్దా అందరికీ కుంటి వదినే. ఆమె పెరట్లో బూడిద కాయ అరటిచెట్టు ఎనిమిది అత్తాల గెల వేసి ఉంది. ఇంకో పది రోజులాగితే కోతకొచ్చేది. యంత్రం పళ్ళు దుంప కిందకి దిగాయి. చెట్టు అలిసిపోయిన మనిషిలా కూలబడింది.

"ఆ గెల ఒక్కటీ కోసుకోనియ్యి నాయనా," అంది వదిన.

"ఆర్డరమ్మా. లైన్లలో అరటన్నది ఉండకూడదు. ముట్టుకుంటే తెగులు," అన్నాడు సూపర్వైజరు.

"మనుషులకి కూడా అంటుతుందా? మరి నీకెప్పుడంటింది?"

గోడవతల నిలబడ్డవాళ్ళం నవ్వాం. నవ్వడం తప్ప ఏమీ చెయ్యలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, పిల్లలూ. తోటల్లో కష్టం చేసేవాళ్ళూ, చదువుకునేవాళ్ళూ మీరంతా కూర్చుని వింటామన్నారు కాబట్టి మా తప్పులతో సహా చెబుతాను.

తోటంతా ఒకటే రకం. సీసాల్లో పెంచి తెచ్చిన మొక్కలు. గెలలన్నీ ఒకే పొడుగు, కోత ఒకే వారం, పెట్టెలో కొలిచి పెట్టినట్టుండే కాయలు. "అవి ఒక తల్లి పిల్లలు కూడా కాదమ్మమ్మా, ఒకటే మొక్కని లక్షసార్లు నాటినట్టు. ఒకదానికి రోగమొస్తే అన్నిటికీ వచ్చినట్టే," అనేది కాలేజీలో చదివే మా మనవరాలు.

మా పెరళ్ళ లెక్క వేరు. అరవై ఇళ్ళకి పందొమ్మిది రకాలు. ఏదీ కొన్నది కాదు. పెళ్ళయి వచ్చిన పిల్ల ఒకటి తెచ్చేది, పని వెతుక్కుంటూ వచ్చినవాడు ఒకటి మూట కట్టుకొచ్చేవాడు, పిలక అడిగితే లేదనేవాళ్ళు లేరు. ఎర్రమెడ గాలికి పడదు. పాలకాయ పంటి కింద పెడితే నమలనక్కర్లేదు, పళ్ళూడినవాళ్ళకీ చంటిపిల్లలకీ అదే. ఉప్పునీటి గుంట పక్క కూడా బతికే మొండిది ఒకటుంది, దాని పేరు మీద రెండు వీధులకీ ఇప్పటికీ తగాదా. ఇక బూడిద కాయ. పచ్చిది ఉడకబెట్టి ఉప్పేసుకుంటే పూటకి నలుగురికి చాలు. మొన్నటి సమ్మెలో దుకాణం వాళ్ళు సరుకు ఆపేస్తే ముప్ఫై ఎనిమిది రోజులు మమ్మల్ని నిలబెట్టింది అదే. ఆ సమ్మె మేం గెలిచాం. మా ఆకలి తనకి పనికిరాలేదని ఓనరుకి అప్పుడే అర్థమైంది. తెగులు పేరు చెప్పి యంత్రం పంపింది అందుకే.

మర్నాడు తిండి వేళకి ప్యాకింగు షెడ్డులో కూర్చున్నాం.

"చెట్లు పోతే పోనీండి. పని పోకుండా చూసుకుందాం," అన్నాడు లోడింగు మేస్త్రి. సంఘం నడిపేది అతనే.

"చెట్లు పోయాక పని పోతే ఏం తింటావు, నీ మీసాలా?" అంది ఒకామె.

"నీ నోరు ఓనరు ముందు లేవదేం?"

"ఓనరు నా ముందుకి రాడుగా. నిన్ను పంపుతాడు."

కొట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు నేను లేచాను. పాడుబడ్డ పంపు షెడ్డు వెనకాల ఎవరూ తిరగని జాగా ఉంది. రకానికొక పిలక తీసి అక్కడ నాటుదాం, గొడవ సద్దుమణిగాక మళ్ళీ ఇళ్ళకి పంచుకుందాం అన్నాను. అందరి మొహాలూ కాస్త తేటపడ్డాయి. వదిన ఒక్కతే తల అడ్డంగా ఊపింది.

"అన్నీ ఒకే చోటా? మనమెప్పుడూ అలా పెట్టలేదే. నా పెరట్లో పోతే నీ పెరట్లో ఉండేది."

"మరి నీ పెరట్లో దాచు వదినా. యంత్రం ఈసారి తలుపు తట్టి వస్తుందిలే," అన్నాను.

అందరూ నవ్వారు. 

పిలకలన్నీ నేనే తీశాను. నా గునపం మొన సన్నం, తల్లి దుంపకి గాయం చెయ్యకుండా పిలకని విడదీస్తుంది. అది నా గొప్ప. నాలుగు రోజులు, తిండి వేళల్లో, యంత్రం ఇంకా రాని ఇళ్ళకి ముందుగా పోయి, పెరటి నుంచి పెరటికి అదే గునపంతో తిరిగాను. ఆ నాలుగు రోజులూ పొద్దుటిపూట నా పని ఏడో బ్లాకులో. అక్కడ చెట్ల ఆకులు అంచుల నుంచి పసుపెక్కి వేలాడిపోతున్నాయి. "నీళ్ళెక్కువయ్యాయి, తవ్వి పూడ్చెయ్యండి, బయట వాగకండి," అన్నాడు సూపర్వైజరు. తవ్వాం, పూడ్చాం. తోటలో పనిముట్టు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, సాయంత్రం ఎవరిది వాళ్ళే తీసుకుపోవాలి. అది ఓనరు పెట్టిన రూలు. కడుక్కుందామంటే నీళ్ళ తొట్టికి తాళం. గునపానికంటిన మట్టిని ఎవరు చూస్తారు? నేను చూడలేదు.

నాలుగు నెలలు పిలకలు బాగా లేచాయి. రోజుకొకరు పంపు షెడ్డు వైపు పోయి నీళ్ళు పోసొచ్చేవాళ్ళు. ఐదో నెలలో పాలకాయ ఆకు అంచు పసుపెక్కింది. తర్వాత ఎర్రమెడ. బోదె కోసి చూస్తే లోపల తుప్పు రంగు చారలు. ఆ చారలు నేను చూసినవే, ఏడో బ్లాకులో.  అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను.

పదకొండు రకాలకి పట్టింది. ఎనిమిది మాత్రం పక్కనే, అదే మట్టిలో, ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడ్డాయి. మొండిది ఉంది, బూడిద కాయ ఉంది. మనవరాలు వాటి చుట్టూ తిరిగింది.

"వీటికి పట్టలేదు అమ్మమ్మా. ఎందుకు పట్టలేదో తెలిస్తే ఎన్ని తోటలు బతుకుతాయో. మా మేడమ్‌ని తీసుకొస్తాను, రెండు రోజులు కాపాడండి."

కాపాడలేకపోయాం. మాలోనే ఎవరో చెప్పారు. ఎవరని నేను వెతకలేదు. మర్నాడు పొద్దున్నే ఓనరు మనుషులు వచ్చి చచ్చినవాటితోపాటు పచ్చగా ఉన్నవాటినీ పెకలించి డీజిలు పోశారు. పందొమ్మిది రకాలూ అరవై పెరళ్ళలో ఉంటే వాడికి నెల పట్టేది, ఎక్కడో ఒకటి తప్పించుకునేది. మేమే పోగుచేసి ఒకచోట పెట్టాం. ఒక్క డబ్బా సరిపోయింది.

తోట కూడా నిలబడలేదు. ఏడో బ్లాకు తర్వాత ఎనిమిది, తర్వాత పన్నెండు. అప్పుడు ఓనరు ఒక కాగితం పంపాడు. తెగులు లైన్ల పెరళ్ళ నుంచే తోటకి వచ్చిందని రాసుంది. వేలిముద్ర వేసినవాళ్ళకి గది ఉంటుంది, కొత్త మొక్కలు నాటే పని ఉంటుంది. వెయ్యనివాళ్ళు ఖాళీ చెయ్యాలి.

మళ్ళీ షెడ్డులోనే కూర్చున్నాం. ఈసారి ఎవరూ కొట్టుకోలేదు. అది చూసే భయమేసింది నాకు.

"వేసేద్దాం. ఇంకేం మిగిలిందని?" అన్నాడు మేస్త్రి. అతని గొంతులో సిగ్గు కూడా లేదు, ఉత్త అలసట.

నేను లేచి చెప్పాను. "పంపు షెడ్డు వెనక్కి తెగులు తెచ్చింది నేను. నా గునపంతో. ఏడో బ్లాకు నుంచి. తెగులు ఓనరు తోటలో పుట్టి మన పెరళ్ళకొచ్చింది, అటు నుంచి ఇటు. పందొమ్మిదింటినీ చంపినదాన్ని నేనే చెబుతున్నాను. ఆ కాగితం అబద్ధం."

 వదిన కర్ర పట్టుకుని లేచింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నీ గునపం కడిగే నీళ్ళకి కూడా తాళం వేసినవాడు వాడు," అంది. "నేను వెయ్యను."

పదకొండు ఇళ్ళవాళ్ళు వేలిముద్ర వేశారు. వాళ్ళని నేనేమీ అనను, ఇంట్లో రోగులున్నారు, పసివాళ్ళున్నారు. నలభై తొమ్మిది ఇళ్ళవాళ్ళం వెయ్యలేదు. మేస్త్రి కాగితం చేతిలోకి తీసుకుని చివరిదాకా చదివి, వేలిముద్ర వెయ్యకుండానే మడిచి సూపర్వైజరు జేబులో పెట్టాడు. ఆ వారమే లైన్ల కొళాయి కట్టేశారు. తర్వాతి వారం సామాన్లు రోడ్డు మీదున్నాయి. అడ్డం పడుకున్నామని నన్నూ వదిననీ కలిపి ఆరుగుర్ని పోలీసులు పట్టుకుపోయారు. తోటలోకి తెగులు తెచ్చామని కేసు. సాక్ష్యం నా గునపం, గుడ్డలో చుట్టి సీలు వేసి.

ఈ కేసు మేం గెలవం. మా వకీలే చెప్పాడు. పాలకాయ రుచి ఎలా ఉండేదని మునిమనవడు అడిగితే చెప్పడానికి నా దగ్గర మాటే ఉంది, పండు లేదు.

వాయిదా రోజు కోర్టు గేటు దగ్గర ఒకామె నా చెయ్యి పట్టుకుంది. అవతలి తోటలో గెలలు మోసే మనిషి.

"నీ గునపం మాట మాదాకా వచ్చింది పెద్దమ్మా. మేం పని ఆపాం. పనిముట్లు ఓనరే ఇవ్వాలి, తెగులు ఏ బ్లాకులో ఉందో బయటపెట్టాలి, పెరళ్ళ జోలికి రాకూడదు అన్నాం. యంత్రం రేపొస్తుందట."

"మీ దగ్గర ఎన్ని రకాలున్నాయమ్మా?"

"నాలుగే."

"ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడా పెట్టలేదు. ఎవరి పెరట్లోది వాళ్ళ పెరట్లోనే ఉంది. ఒక్కో చెట్టు ముందు పదిమంది కూర్చుంటున్నాం. నేనిప్పుడు పోవాలి, మా వంతు మూడింటికి."

ఆమె పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. బెయిలు దొరికిన మా వదిన కర్ర టకటకలాడించుకుంటూ ఆమె వెనకే బస్సెక్కింది. నన్ను మళ్ళీ కోర్టు లోపలికి పిలిచారు.